టైకో అవశేషం అంచున సాంద్రత: ఎక్స్-రే, పరారుణ డేటాతో ఒక కేస్ స్టడీ

1572 నవంబరులో శర్మిష్ఠ మండలంలో ఒక కొత్త చుక్క వెలిగింది. టైకో బ్రాహి దాన్ని నవంబరు 11న చూసి, దాని వెలుగు ఎలా తగ్గుతూ వచ్చిందో వరసగా రాసిపెట్టాడు. అందుకే ఆ పేలుడు మిగిల్చిన దానికి టైకో అవశేషం అనే పేరు. ఆనాటి వెలుగు దూరపు ధూళి మబ్బుల మీద పడి, ఆలస్యంగా మన దాకా వచ్చింది. 2008లో ఆ ప్రతిఫలన కాంతి వర్ణపటం చదివి, అది మామూలు టైప్ వన్-ఏ పేలుడేనని, అంటే తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలుడేనని తేల్చారు. ఇప్పుడది 8 ఆర్క్‌మినిట్ల వెడల్పున (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌మినిట్, అందులో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌సెకను), దాదాపు గుండ్రటి బుడగలా కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి ఈ చోటు ఉత్తర దిక్కున 43 డిగ్రీల ఎత్తుకే వస్తుంది. కార్తీకం రాత్రుల్లో అక్కడ కంటికి కనిపించేదేమీ లేకపోయినా, దిక్కు గుర్తుపట్టడం తేలిక. ఎక్స్-రేలు వాతావరణం దాటి నేలకు రావు. 70 మైక్రాన్ల పరారుణ కాంతీ అంతే, 24 మైక్రాన్లదీ చాలావరకు అంతే. ఈసీఐఎల్ దగ్గరున్న టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి 100 సెంటీమీటర్ల దూర-పరారుణ టెలిస్కోపును బెలూన్లకు కట్టి పైకి పంపడానికి కారణం ఇదే. కానీ ఈ కేసుకు కావలసిన సన్నటి వివరం ఉపగ్రహాల డేటాలోనే ఉంది. ఆ డేటా అంతా ఆర్కైవుల్లో ఉచితంగా దొరుకుతుంది. ఉస్మానియాలో ఖగోళశాస్త్రం ఎమ్మెస్సీ చేసేవాళ్లు 32 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ మీద మొదటి నుంచి చివరిదాకా చేయగలిగిన పని ఇది.

అసలు ప్రశ్న: ఈ బుడగ ఎంత పలచటి వాయువులోకి దూసుకుపోతోంది? ఆ సాంద్రత అన్ని దిక్కులా ఒకటేనా?

ఎక్స్-రే ఒక్కటే ఎందుకు చాలదు

చాలా అవశేషాల్లో షాక్ (చుట్టూ ఉన్న వాయువులోకి దూసుకుపోయే పేలుడు అల) వెనక వేడెక్కిన వాయువు ఉష్ణ వికిరణాన్ని ఎక్స్-రేలో చూసి, దాని ప్రకాశం నుంచి సాంద్రత లెక్కగడతారు. టైకోలో ఆ దారి మూసుకుపోయింది. అంచు వెంట కనిపించే సన్నటి గీతలు సింక్రోట్రాన్ వెలుగు, అంటే దాదాపు కాంతి వేగానికి చేరిన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ ఇచ్చేది. లోపలి మెత్తటి మేఘాల్లాంటి భాగమేమో పేలిన నక్షత్రపు పదార్థమే: సిలికాన్, సల్ఫర్, ఇనుము. బయటి నుంచి ఊడ్చుకొచ్చిన వాయువు ఇచ్చే ఉష్ణ ఎక్స్-రే ఈ రెండింటి మధ్య నలిగిపోతుంది. ఎక్స్-రే నుంచి ఆ వాయువు సాంద్రతకు పై హద్దు మాత్రమే వస్తుంది.

ధూళి సంగతి వేరు. షాక్ దాటిన వేడి వాయువులో చిక్కిన ధూళి రేణువులను ఎలక్ట్రాన్లు ఢీకొట్టి వేడి చేస్తాయి. షాక్ వెనక వాయువు ఎంత వేడిగా ఉంటుందంటే, ఎలక్ట్రాన్లు చిన్న రేణువుల్లో ఆగకుండా దూసుకుపోతాయి. కాబట్టి వాయువు ఉష్ణోగ్రత కొంచెం అటూ ఇటూ అయినా రేణువుకు చేరే శక్తి పెద్దగా మారదు. సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు తగులుతున్నాయన్నదే, అంటే సాంద్రతే, రేణువు వేడిని నిర్ణయిస్తుంది. ధూళికి ఇక్కడ థర్మామీటరు పని కంటే సాంద్రత కొలిచే పని బాగా వచ్చు. 24 మైక్రాన్లలోను, 70 మైక్రాన్లలోను ప్రకాశం కొలిచి నిష్పత్తి తీస్తే ఆ వేడి తెలుస్తుంది.

ఎక్స్-రే పక్కన పెట్టేయడానికీ లేదు. అంచు ఏటా ఎంత జరుగుతోందో చంద్రా ఎక్స్-రే ఉపగ్రహం తీసిన చిత్రాలే చెబుతాయి. ఆ వేగం నుంచి సాంద్రతకు రెండో దారి దొరుకుతుంది. ఒకదాన్ని ఇంకొకటి తనిఖీ చేయగలగడమే ఈ కేసుకు బలం.

ఎక్స్-రే వైపు పని

చంద్రా ఈ అవశేషాన్ని 2000, 2003, 2007, 2009, 2015 సంవత్సరాల్లో చూసింది. కదలిక కొలవడానికి 2003, 2015 చిత్రాల జత బాగుంటుంది. రెండూ చంద్రా ఏసిస్ కెమెరాలోని ఐ చిప్‌ల మీద తీసినవే, రెంటికీ దాదాపు లక్షన్నర సెకన్ల ఎక్స్‌పోజర్ ఉంది. 2000 నాటిది ఎస్-3 చిప్ మీద తీశారు. ఆ చిప్ వెడల్పు 8.3 ఆర్క్‌మినిట్లే కాబట్టి దక్షిణపు అంచు కొంత తెగిపోయింది. 2009లో తీసిన 7 లక్షల సెకన్ల పైచిలుకు డేటాను వర్ణపటాలకు వాడుకోవాలి.

కింద పేర్లు చెప్పే టూల్స్ చంద్రా సాఫ్ట్‌వేర్‌లోనివి. మొదట ప్రతి అబ్జర్వేషన్‌నూ చంద్రా_రెప్రోతో ఒకే కాలిబ్రేషన్‌కు తేవాలి. తర్వాత డీఫ్లేర్‌తో బ్యాక్‌గ్రౌండ్ ఎగసిన సమయాలు కోసేయాలి. ఆ తర్వాతి మెట్టు ఆస్ట్రోమెట్రీ, అంటే ఆకాశంలో స్థానాలు సరిచేయడం. అత్యధికులు తొందరపడి దాటేసే మెట్టు కూడా ఇదే. చంద్రా చెప్పే స్థానాల్లో సహజంగానే 0.8 ఆర్క్‌సెకన్ల దాకా తేడా ఉండొచ్చు. 12 ఏళ్ల మీద అది ఏటికి 0.067. అంచు కదిలేదే ఏటికి దాదాపు 0.3 ఆర్క్‌సెకను కాబట్టి, సవరించకపోతే వేగంలో 22 శాతం తప్పు ముందే వచ్చి కూర్చుంటుంది. అవశేషం బయట ఉన్న చిన్న చిన్న ఎక్స్-రే చుక్కలను వేవ్‌డిటెక్ట్‌తో పట్టుకుని, రెండు చిత్రాల్లోనూ సరిపోల్చి, డబ్ల్యూసీఎస్_మ్యాచ్, డబ్ల్యూసీఎస్_అప్‌డేట్‌లతో ఒక చిత్రాన్ని రెండోదాని మీదికి జరపాలి. మిగిలిన తేడా 0.2 ఆర్క్‌సెకన్లకు దిగితే వేగంలో తప్పు 6 శాతం లోపే. చుక్కలు నాలుగైదే దొరికినప్పుడు తిప్పడం, సాగదీయడం కలపకుండా పక్కకు జరపడం ఒక్కటే చేయాలి. లేకపోతే ఒక్క బలహీనమైన చుక్క చిత్రాన్నంతా తిప్పేస్తుంది. అవశేషం లోపలి ముడులను ఈ పనికి ఎప్పుడూ వాడకూడదు. అవీ కదులుతున్నాయి.

కదలిక కొలతకు 4 నుంచి 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పట్టీ తీసుకోవాలి. అక్కడ మూలకాల పెద్ద వర్ణపట గీతలు లేవు, అంచు సింక్రోట్రాన్ వెలుగు సూటిగా కనిపిస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఏసిస్ ఫిల్టర్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న పొర తక్కువ శక్తి ఎక్స్-రేలను మింగేస్తోంది. 2003లో 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర కనిపించిన వెలుగు 2015లో తగ్గిపోతుంది. దాన్ని అవశేషంలో మార్పనుకుంటే పొరపాటు. అంచుకు అడ్డంగా పెట్టెలు గీసి, ప్రతి పెట్టెలోనూ 2003 ప్రొఫైల్‌ను 0.1 ఆర్క్‌సెకను చొప్పున జరుపుతూ 2015 ప్రొఫైల్‌తో కై-స్క్వేర్ (రెండూ ఎంత సరిపోయాయో చెప్పే అంకె) చూడాలి. 12 ఏళ్లలో జరిగేది 3.6 ఆర్క్‌సెకన్లు, అంటే ఏడు పిక్సెళ్లకు పైనే. రెండు చిత్రాలనూ మార్చి మార్చి చూస్తే స్క్రీన్ మీదే అంచు ముందుకు జరగడం కనిపిస్తుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి పేలుడు ఇంకా నడుస్తోందని కళ్లారా తెలిసే చోటు అది.

వర్ణపటాలు తీసే స్పెక్‌ఎక్స్‌ట్రాక్ట్‌కు వెయిట్ ఆన్‌లో, పాయింట్ సోర్స్ సవరణ ఆఫ్‌లో ఉండాలి. పని త్వరగా తేలాలని ఒకే లాగిన్‌లో రెండు రన్‌లు ఒకేసారి పెడితే, రెండూ ఒకే పారామీటర్ ఫైల్ మీద రాసేసుకుంటాయి. ఎర్రర్ కూడా రాదు, ఒక ప్రాంతపు వర్ణపటం ఇంకో ప్రాంతం పేరుతో బయటికొస్తుంది. ప్రతి రన్‌కూ పీఫైల్స్ (పారామీటర్ ఫైళ్ల) ఫోల్డర్ వేరుగా పెట్టాలి. వర్ణపటానికి మోడల్ సరిపెట్టే ఎక్స్‌స్పెక్‌లో ఎర్రర్ కమాండ్ గంటల తరబడి నడుస్తుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివాన వచ్చి కరెంటు పోవడం నగరంలో మామూలే కనుక, మొదలుపెట్టే ముందే సేవ్ ఆల్ కొట్టి, లాగ్ తెరిచి ఉంచుకోవడం మేలు.

ఒకే వీనెయి మోడల్‌తో (అయనీకరణ ఇంకా సమతుల్యానికి రాని వాయువు మోడల్) వర్ణపటమంతా సరిపెట్టాలని చూడకండి, సరిపడదు. సిలికాన్, సల్ఫర్ అంచు నుంచి లోపలికి వెనుతిరిగిన షాక్‌కు ముందుగా చిక్కాయి, లోపలున్న ఇనుము ఆలస్యంగా చిక్కింది. అందుకే అయనీకరణ కాలం, అంటే ఎలక్ట్రాన్ సాంద్రతను కాలంతో గుణించిన విలువ, రెంటికీ వేరు వేరు. సిలికాన్ గీత 1.86 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సల్ఫర్ 2.45 దగ్గర పడతాయి. ఇనుము కె గీత 6.4 కంటే కాస్తే పైన ఉంటుంది. రెండే ఎలక్ట్రాన్లు మిగిలేంతగా అయనీకరణమైన ఇనుములో అది 6.7 దగ్గరికి వెళ్లేది. ఈ గీత 6.55 కిందే ఉండటం టైప్ వన్-ఏ అవశేషాల లక్షణం. ఇనుముకు వేరే కాంపొనెంట్ ఇవ్వకపోతే మోడల్ ఉష్ణోగ్రతను పెంచి లోటు పూడ్చుకుంటుంది. అంకెలు చూడ్డానికి బాగానే ఉంటాయి, అర్థం మాత్రం ఉండదు.

భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్-రే టెలిస్కోపు ఎస్‌ఎక్స్‌టీ కూడా టైకోను చూసింది. దాని చూపు దాదాపు 2 ఆర్క్‌మినిట్లు మసకగా ఉంటుంది కాబట్టి బుడగ మొత్తానికి ఒకే వర్ణపటం తీసుకుని, సిలికాన్ గీత ఎక్కడ పడిందో సరిచూడటానికి పనికొస్తుంది. అంచు ప్రశ్నకు పనికిరాదు.

పరారుణం: ఇక్కడే కేసు నిలబడేది, పడేది

24, 70 మైక్రాన్ల చిత్రాలు స్పిట్జర్ పరారుణ అంతరిక్ష టెలిస్కోపులోని మిప్స్ పరికరానివి. స్పిట్జర్ శీతల ద్రవం 2009 మేలో అయిపోయింది. ఆ తర్వాత ఈ పట్టీలు దానికి అందలేదు. జేమ్స్ వెబ్‌కు 28 మైక్రాన్లు దాటి చూపు లేదు. కాబట్టి ఈ నిష్పత్తికి పాత డేటాయే దిక్కు. దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి.

24 మైక్రాన్ల దగ్గర స్పిట్జర్ మసక 6 ఆర్క్‌సెకన్లు. 70 దగ్గర 18. ఈ తేడాను పట్టించుకోకుండా 70 చిత్రాన్ని 24 చిత్రంతో భాగిస్తే చాలా అందమైన మ్యాప్ వస్తుంది: అంచు మీద పలచటి చీకటి గీత, దాని బయట వెలుగు వలయం. షాక్ దగ్గర సాంద్రత ఎగిసి, బయట ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇదంతా కట్టుకథ. లెక్క చూడండి. అంచు అసలు వెడల్పు 10 ఆర్క్‌సెకన్లనుకుందాం. 24లో అది 11.7గా, 70లో 20.6గా సాగుతుంది. సాగిన కొద్దీ శిఖరం కుంగుతుంది. శిఖరం మీద 70కి 24కి ఉన్న నిష్పత్తి అసలు విలువలో 0.57కి పడిపోతుంది. 15 ఆర్క్‌సెకన్లు బయటికి వెళితే అదే నిష్పత్తి అసలు దానికి 12 రెట్లు దాటుతుంది. ధూళిలో ఏ మార్పూ లేకుండానే ఇంత జరుగుతుంది.

మందు ఒక్కటే. 24 చిత్రాన్ని 70 స్థాయికి మసకబార్చాలి. గాస్సియన్‌తో సరిపెట్టకూడదు. మిప్స్ మసకకు చుట్టూ వలయాలు ఉంటాయి. రెండు పట్టీల అసలు పీఎస్‌ఎఫ్‌ల (ఒక చుక్క చిత్రంలో మసకబారే ఆకారాల) నుంచి తయారుచేసిన కన్వల్యూషన్ కెర్నల్, అంటే ఒక మసకను ఇంకోదానిగా మార్చే ఫిల్టర్, వాడాలి. కెర్నల్ పిక్సెల్ కొలతను చిత్రపు పిక్సెల్ కొలతకు ముందే మార్చుకుని, మొత్తం కూడితే 1 వచ్చేలా సరిచేసుకోవాలి. కెర్నల్‌ను చిత్రం స్కాన్ దిశకు తగినట్టు తిప్పడం కూడా మరవకూడదు.

పని సరిగ్గా జరిగిందో లేదో తెలియాలంటే ఒక నకిలీ అవశేషం తయారు చేయాలి. ఖాళీ చిత్రంలో 240 ఆర్క్‌సెకన్ల వ్యాసార్థంతో ఒక వలయం గీసి, అంతటా నిష్పత్తి 1 పెట్టి, ఒక కాపీని 24 పీఎస్‌ఎఫ్‌తో, ఇంకో కాపీని 70 పీఎస్‌ఎఫ్‌తో మసకబార్చి, అసలు డేటా వెళ్లిన దారిలోనే పంపాలి. బయటికొచ్చే మ్యాప్ చదునుగా ఉండాలి. అంచు దగ్గర 5 శాతం కంటే ఎక్కువ అల కనిపిస్తే కెర్నల్ తప్పు, లేదా రెండు చిత్రాల కేంద్రాలు అర పిక్సెల్ జరిగాయి. ఈ పరీక్షకు పూట కంటే ఎక్కువ పట్టదు. ఇది చేయకుండా వచ్చిన నిష్పత్తి మ్యాప్‌ను నమ్మకూడదని మా అభిప్రాయం.

యూనిట్ల దగ్గర మరో గుంట ఉంది. మిప్స్ మొజాయిక్‌లు (అతికిన చిత్రాలు) మెగా జాన్‌స్కీ పర్ స్టెరేడియన్‌లో, అంటే ఉపరితల ప్రకాశంగా వస్తాయి. 24లో పిక్సెల్ 2.45 ఆర్క్‌సెకన్లు, 70లో 4. ఒకే గ్రిడ్ మీదికి తెచ్చేటప్పుడు పిక్సెళ్లను సగటు చేయాలి, కూడకూడదు. ఎవరైనా ముందే జాన్‌స్కీ పర్ పిక్సెల్‌కు మార్చి, తర్వాత గ్రిడ్ మారిస్తే 2.67 రెట్ల తేడా దూరిపోతుంది. ఆ తేడా అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి మ్యాప్ ఆకారం చూసి ఎవరూ పట్టుకోలేరు.

అన్నిటికంటే కష్టమైనది బ్యాక్‌గ్రౌండ్. టైకో మన గెలాక్సీ తలానికి డిగ్రీన్నర దూరంలోనే ఉంది. ఆ దారిలో ఉన్న చల్లటి ధూళి 24లో అంతగా కనిపించదు, 70లో మాత్రం గట్టిగా వెలుగుతుంది, అదీ దిక్కుకో తీరుగా. మొత్తం చిత్రానికి ఒకే బ్యాక్‌గ్రౌండ్ విలువ తీసేస్తే, అవశేషంలో లేని తూర్పు-పడమర తేడా మనమే తయారుచేసినట్టవుతుంది. అంచును సెక్టార్లుగా, అంటే చుట్టూ ముక్కలుగా విడగొట్టి, ప్రతి సెక్టారుకు దాని బయటే, అంచు నుంచి కనీసం 40 ఆర్క్‌సెకన్ల అవతల, బ్యాక్‌గ్రౌండ్ పెట్టె గీయాలి. అంతకంటే దగ్గరికి వెళితే 70లోని మసక అందులోకి కారుతుంది. ఒక్కో సెక్టారుకు రెండు మూడు వేర్వేరు పెట్టెలతో లెక్క వేసి, వచ్చే చెదరుపాటునే అనిశ్చితిగా తీసుకోవాలి. 70 చిత్రంలో స్కాన్ దిశ వెంట చారలుంటాయి. పెట్టె ఒకే చార మీద పడకుండా అడ్డంగా పొడవుగా గీయాలి. 24లో కనిపించే నక్షత్రాలను మసకబార్చక ముందే తీసేయాలి. కన్వల్యూషన్ అయ్యాక నక్షత్రం నీళ్లలో సిరాచుక్కలా చుట్టూ పాకి ఉంటుంది.

చిన్న సవరణలు రెండు. మిప్స్ కాలిబ్రేషన్ 10,000 కెల్విన్ల వస్తువును ఆధారం చేసుకున్నది, మన ధూళి 100 కెల్విన్ల ప్రాంతంలో ఉంది. ఆ తేడాకు చేసే కలర్ కరెక్షన్ కొన్ని శాతాలే అయినా వదలకూడదు. ఇక 24లో సింక్రోట్రాన్ వాటా. 1 గిగాహెర్ట్జ్ దగ్గర 56 జాన్‌స్కీల రేడియో వెలుగును 0.6 వాలుతో ఇక్కడిదాకా లాగితే బుడగ మొత్తానికి 0.2 జాన్‌స్కీ వస్తుంది. ధూళి వెలుగు ముందు అది లెక్కలోకి రాదు. అదే మండలంలోని క్యాస్-ఏ లాంటి అవశేషాల్లో అయితే 26 మైక్రాన్ల దగ్గరి ఆక్సిజన్, ఇనుము గీతలు 24 పట్టీలోకి దూరతాయి. అక్కడ వర్ణపటం చూడకుండా అడుగు వేయకూడదు.

నిష్పత్తి నుంచి సాంద్రతకు

ఒకే ఉష్ణోగ్రత, 1.5 బీటా (ధూళి వెలుగిచ్చే సామర్థ్యం పౌనఃపున్యంతో పెరిగే ఘాతం) ఉన్న ధూళి అనుకుంటే, 80 కెల్విన్ల దగ్గర 70కి 24కి నిష్పత్తి 1.21. 90 దగ్గర 0.72. 100 దగ్గర 0.48. రేణువు చల్లబడే వేగం ఉష్ణోగ్రత 5.5 ఘాతంతో పెరుగుతుంది, వేడెక్కే వేగం సాంద్రతతో నేరుగా పెరుగుతుంది. కాబట్టి 80 నుంచి 100కి వెళ్లడమంటే సాంద్రత 3.4 రెట్లు పెరగడం. ఇదే లెక్కను తిప్పి చూస్తే, నిష్పత్తిలో 20 శాతం తప్పు సాంద్రతలో 27 శాతం తప్పవుతుంది. పైన చెప్పిన మసక పొరపాటు, ఆ 0.57, సాంద్రతను రెట్టింపు కంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. 70లో అవశేషం వెలుగు బ్యాక్‌గ్రౌండ్‌లో సగమే ఉన్న చోట బ్యాక్‌గ్రౌండ్‌ను 10 శాతం తప్పుగా అంచనా వేస్తే చాలు, ఆ 20 శాతం తప్పు వచ్చేస్తుంది.

ఈ సులభ లెక్క దిక్కు చూపించడానికే. నిజానికి చిన్న రేణువు ఒక్కో ఎలక్ట్రాన్ దెబ్బకు ఎగిసి, మళ్లీ చల్లబడుతూ ఉంటుంది, దానికి ఒకే ఉష్ణోగ్రత ఉండదు. చివరి అంకెకు రేణువుల సైజుల పంపిణీ, సిలికేట్, కార్బన్ పాళ్లు, ఈ ఎగుడుదిగుళ్లు అన్నీ ఉన్న మోడల్ గ్రిడ్ కావాలి. రేణువులు అరిగిపోవడం ఇక్కడ పెద్ద సమస్య కాదు. 0.01 మైక్రాన్ రేణువు ఘనసెంటీమీటరుకు ఒక కణం ఉన్న వేడి వాయువులో కరగడానికి సుమారు 10,000 ఏళ్లు పడుతుంది. టైకో వయసు ఐదు వందలు కూడా నిండలేదు, వాయువు అంతకంటే పలచన.

అంచు చుట్టుకొలత 1,500 ఆర్క్‌సెకన్లు. 16 సెక్టార్లు చేస్తే ఒక్కోటి 94 ఆర్క్‌సెకన్ల పొడవు వస్తుంది. వెడల్పు 30 కంటే తగ్గించవద్దు. పెట్టెలు గీసేటప్పుడు చంద్రా 2015 అంచును గుడ్డిగా వాడితే, స్పిట్జర్ చూసిన నాటికి అంచు అక్కడికి ఇంకా రాలేదు. ఆరేళ్లకు పైగా తేడా అంటే 2 ఆర్క్‌సెకన్లు. 18 ముందు ఇది చిన్నదే, కానీ పెట్టె ఎప్పుడూ బయటికే జరుగుతుంది కనుక తప్పు కూడా ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది.

రెండు దారులూ కలిసే చోటు

ప్రచురితమైన ఫలితాల్లో పరారుణ నిష్పత్తి నుంచి వచ్చిన సగటు సాంద్రత, షాక్‌కు ముందు, ఘనసెంటీమీటరుకు 0.1 నుంచి 0.2 కణాలు. ఈశాన్యం వైపు నైరుతి కంటే 3 నుంచి 10 రెట్లు చిక్కన. చంద్రా కదలిక కొలతల్లో అంచు ఏటికి 0.2 నుంచి 0.4 ఆర్క్‌సెకన్ల దాకా జరుగుతోంది, నెమ్మదిగా ఉన్నది తూర్పు, ఈశాన్యం వైపే. షాక్ పీడనం అంతటా దాదాపు సమానమనుకుంటే సాంద్రతను వేగం వర్గంతో గుణించిన విలువ మారకూడదు. వేగం సగమైతే సాంద్రత నాలుగు రెట్లు. రెండు దారులూ ఒకే దిక్కుకు వేలు చూపిస్తున్నాయి, పరిమాణం కూడా దగ్గర్లోనే ఉంది. ఈ పోలికలో దూరం రాదు. దూరం 3 కిలోపార్సెక్‌లైతే (ఒక కిలోపార్సెక్ సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) 0.3 ఆర్క్‌సెకను సెకనుకు 4,270 కిలోమీటర్లవుతుంది, 2.3 అయితే 3,270. దూరం మీదే ఇంకా వాదన నడుస్తుంటే, దాని మీద ఆధారపడని నిష్పత్తులనే ముందు చూడటం మంచిది. అలాంటిదే ఇంకో అంకె: 240 ఆర్క్‌సెకన్ల వ్యాసార్థాన్ని పేలుడు నుంచి 2009 (2003, 2015ల నడుమ ఏడు) దాకా గడిచిన 437 ఏళ్లతో భాగిస్తే ఏటికి 0.55. ఇప్పటి 0.3ని దీనితో భాగించినా 0.55 వస్తుంది. అడ్డు లేకుండా పోతే 1, ఊడ్చుకొచ్చిన వాయువు భారమే ఎక్కువై బాగా నెమ్మదించే సెడోవ్ దశకు చేరితే 0.4. టైకో వేగం తగ్గుతూ ఆ రెంటి మధ్య ఉంది.

ఇంత తేడా ఉన్నా బుడగ గుండ్రంగానే కనిపించడం మొదట వింతగా తోస్తుంది. చిక్కటి వైపు షాక్ వెనకబడుతుంది, పలచటి వైపు ముందుకు సాగుతుంది. ఆకారం గుండ్రంగానే ఉంటుంది, దాని కేంద్రం మాత్రం పలచటి వైపుకు జరుగుతుంది. సిమ్యులేషన్ల ప్రకారం పేలుడు జరిగిన చోటు ఇప్పటి జ్యామితీయ కేంద్రానికి చిక్కటి వైపు, వ్యాసార్థంలో 10 శాతం పైబడి పక్కన ఉంటుంది. 10 శాతమే అనుకున్నా అది 24 ఆర్క్‌సెకన్లు. పేలిన నక్షత్రానికి తోడుగా ఉండి బతికి బయటపడిన జంట నక్షత్రం కోసం వెతికేవాళ్లు బుడగ నడిమధ్యన చిన్న వృత్తం గీసుకుంటే, ఆ వృత్తంలో అది లేకపోయే అవకాశం గట్టిగానే ఉంది. వృత్తాన్ని ఎటు జరపాలో, ఎంత జరపాలో నిర్ణయించేది పైన చెప్పిన 70, 24 నిష్పత్తే. అందులో ఏ సెక్టారు బ్యాక్‌గ్రౌండ్ తేడాగా తీసినా ఆ 24 ఆర్క్‌సెకన్ల బాణం దిక్కు మారుతుంది. కాబట్టి 16 సెక్టార్లకూ వాడిన బ్యాక్‌గ్రౌండ్ పెట్టెల రీజియన్ ఫైళ్లను ఫలితంతో పాటే అందరికీ అందుబాటులో పెట్టాలి.